కాపలా కుర్చీ

గది తయారైన రోజున కొడుకు తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. తలుపు మూశాడు. ఇద్దరూ కాసేపు నిలబడ్డారు.

"ఏమైనా వినబడుతోందా?" అన్నాడు.

"లేదు."

"అదీ," అన్నాడు కొడుకు.

గోడలకు బెండు పలకలు కొట్టించాడు. కిటికీకి రెండు వరసల అద్దాలు పెట్టించాడు. బల్ల, తిరిగే కుర్చీ, బల్ల మీద దీపం. ఎదురుగోడ నిండా ఒక చేను ఫొటో అతికించాడు.

"నీకు ఎప్పుడూ మీ చేను కనబడుతూ ఉండాలని," అన్నాడు.

"ఇది గోధుమ. మనది జొన్న."

"చేను చేనే కదమ్మా."

ఆమె దగ్గరికెళ్లి ఫొటో మొత్తం చూసింది. "పిట్ట ఒక్కటీ లేదు," అంది. అది మెచ్చుకోలు అనుకున్నాడు కొడుకు.

ఆమె అప్పటికి ఆరు నవలలు రాసింది. ఆరూ పల్లె గురించే. ఏడోది చివరి అధ్యాయం దగ్గర ఆగింది. ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలుసు. రైల్వే స్టేషన్లో లగేజీ గది గుమస్తాగా రిటైరైన రోజున ఆగింది.

ఆమె వాక్యాలు పొట్టివి. పల్లెలోని నిశ్శబ్దం ఆ వాక్యాల మధ్య వినబడుతుందని ఒక విమర్శకుడు రాశాడు. ఆ మాటను పబ్లిషరు ఆరో నవల అట్ట మీద వేశాడు. ఆమెకు తెలిసిన పల్లెలో నిశ్శబ్దం ఉండేది కాదు. నిశ్శబ్దంగా ఉందంటే పిట్టలు వాలి తింటున్నాయని అర్థం.

కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా పిట్టల్ని తోలడం చిన్నప్పుడు ఆమె పని. చేను మధ్య నాలుగు గుంజల మీద మంచె. చేతిలో రాళ్లు విసిరే వడిసెల, పక్కన రేకు డబ్బా. తండ్రి పొద్దున్నే ఎక్కించి వెళ్లేవాడు. "పిట్ట తిన్నది పోగా మిగిలిందే మనది. అది గుర్తుపెట్టుకుని కూచో," అనేవాడు. ఆ రోజులకు బడి మానిపించారు గానీ పలక లాక్కోలేదు. ఆమె మంచె మీద పలక పెట్టుకుని ఒక మాట రాసేది. తలెత్తేది. డబ్బా కొట్టేది. మళ్లీ ఒక మాట రాసేది. చిలకల గుంపు వాలేలోగా వాక్యం ముగియాలి. ముగియకపోతే తర్వాత ఏం రాయాలనుకుందో గుర్తుండేది కాదు.

లగేజీ గదిలోనూ అంతే. ఇనప వల కిటికీ, వెనక అరలు, అరల్లో ఇతరుల పెట్టెలు. పెట్టెకు ఒక ఇత్తడి బిళ్ల, మనిషికి ఒక ఇత్తడి బిళ్ల. బిళ్ల తెస్తేనే పెట్టె. రెండు రైళ్ల మధ్య ఆమె రాసేది. వాక్యం సగంలో ఎవరో వచ్చి కిటికీ మీద తట్టేవారు. ఆమె చెయ్యి చాచి "బిళ్ల" అనేది. పెట్టె ఇచ్చి వచ్చి ఫుల్‌స్టాప్ పెట్టేది. ఆరు నవలలూ అక్కడే అయ్యాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు కనక ఆమె చెప్పలేదు. పెద్ద ఇంటర్వ్యూలన్నింటిలో ఆమెను బాల్యం గురించి అడిగారు. ఆమె మంచె గురించి చెబితే, "ఆహా, ఆకాశం కింద," అని రాసుకున్నారు.

కొత్త గదిలో ఆమె రోజూ కూచుంది. మొదటి వారం ఏమీ రాలేదు. రెండో వారం ఒక వాక్యం వచ్చింది. అది ఒక మేక గురించి. మేక గోడ పక్కన నిలబడింది. ఎవరూ తలుపు తట్టలేదు. వాక్యం ఆపడానికి కారణం దొరకలేదు. మేక తర్వాత గోడ వచ్చింది, గోడ తర్వాత గోడ కట్టినవాడు, వాడి తర్వాత వాడి మామగారు. పేజీ కింద దాకా వెళ్లి చూసుకుంటే మేక ఏమైందో ఆమెకే తెలియలేదు. చించి బుట్టలో వేసింది.

పబ్లిషరు ఫోన్ చేశాడు. "గది ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"చివరి అధ్యాయం?"

"గది బాగుంది అన్నాను కదా," అంది.

ఆమెకు భయం వేసింది. ఆ ఒక్క అధ్యాయం రాకపోతే ఇన్నాళ్లూ తను రచయిత్రి కాదని, రైళ్ల మధ్య తీరిక దొరికిన గుమస్తా అని తేలిపోతుంది. తేలితే ఎవరికీ నష్టం లేదు. కొడుకు ఎప్పుడూ ఆమె పుస్తకాలు చదవలేదు, చదివినవాళ్లను నమ్మాడు. కానీ ఆమెకు చేతనైన పని అదొక్కటే.

తమ్ముడితో ఫోన్లో చెప్పుకుంది. తమ్ముడు ఇప్పటికీ సేద్యమే చేస్తున్నాడు. అంతా విని నవ్వాడు.

"పిట్టలు లేని మంచె ఎక్కించారన్నమాట నిన్ను," అన్నాడు. "దిగు అక్కా."

"దిగి ఎక్కడికి పోను?"

"అదీ నిజమే. ఇక్కడ కూడా మంచెలు లేవు. టేపు కడుతున్నాం, గాలికి మెరుస్తుంది. పిట్టలు రెండ్రోజులు భయపడి మూడో రోజు దాని మీదే కూచుంటున్నాయి."

అంతలో ఒక వారపత్రికవాళ్లు 'రచయితల గదులు' అని శీర్షిక పెట్టి ఫొటోలకు వస్తామన్నారు. కొడుకు ఆ రోజు సెలవు పెట్టాడు. ఫొటోగ్రాఫర్ రెండు బ్యాగులు మోసుకుని నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు. లిఫ్టు పనిచేయడం లేదు. వచ్చి కిటికీ చూశాడు, గోడ చూశాడు, ఆమెను చివర చూశాడు.

"లైట్లు కింద వ్యానులో ఉన్నాయి మేడం. తెచ్చుకుంటాను. ఈ బ్యాగులు కాస్త చూస్తూ ఉంటారా? లెన్సులున్నాయి, ఒక్కటి పోయినా మా ఆఫీసువాళ్లు నన్ను పిండేస్తారు."

"వెళ్లి రా," అంది.

కొడుకు కూడా సాయానికి దిగాడు. వీధి తలుపు తెరిచే ఉంది. ఆమె బ్యాగుల వైపు చూసింది. తలుపు వైపు చూసింది. మెట్ల మీద ఎవరో నడుస్తున్నారు. పెన్ను తీసుకుంది. రాసింది. తలెత్తి బ్యాగుల్ని చూసుకుంది. మళ్లీ రాసింది. ఫొటోగ్రాఫర్ ఒగురుస్తూ వచ్చేసరికి రెండో పేజీలో ఉంది. అతను బ్యాగు మీద చెయ్యి వెయ్యగానే ఆమె కాగితం మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచింది.

"బిళ్ల," అంది.

"ఏం బిళ్ల మేడం?"

ఆమె తలెత్తింది. "ఏం లేదు. తీసుకో."

అతను లైట్లు బిగించాడు. ఆమె రాస్తూనే ఉంది. అతను కెమెరాలోంచి చూసి తృప్తిపడలేదు.

"మేడం, ఒక్క నిమిషం రాయడం ఆపి, రాస్తున్నట్టు కూచుంటారా?"

కూచుంది. అతను చాలా ఫొటోలు తీశాడు. వాటిలో కిటికీ బాగా వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అసలు సంగతి చెప్పింది. కొడుకు వింటూ వింటూ చెయ్యి కడుక్కున్నాడు.

"అంటే నిశ్శబ్దం వద్దా?"

"నిశ్శబ్దంతో పేచీ లేదు. కాపలా లేదు."

"దానికేముంది," అన్నాడు. లేచి వెళ్లి తన ఆఫీసు బ్యాగు తెచ్చి ఆమె ముందు పెట్టి కూచున్నాడు. "రేపు ఇది చూస్తూ రాయి. ఇంట్లోంచే పని నాకు, నేను పక్క గదిలోనే ఉంటా."

"నువ్వు పక్క గదిలో ఉంటే దాన్ని ఎవరెత్తుకుపోతారు?"

"ఎవరూ ఎత్తుకుపోరు. నువ్వు అనుకో."

"అనుకుంటే రాదురా. పోవాలి, పోయే వీలుండాలి. ఇంకొకరిదై ఉండాలి."

"నవలలన్నీ అనుకునే కదా రాశావు?"

కోడలు నవ్వాపుకుంటూ మజ్జిగ గ్లాసు అందించింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి అని ఊరికే అన్నారా," అంది. "అత్తయ్యా, మన గేటు దగ్గర సెక్యూరిటీ అతను మానేశాడు తెలుసా?"

అపార్ట్‌మెంటులో అందరూ ఉద్యోగాలకు పోతారు. పార్శిళ్లు రోజంతా వస్తాయి. సెక్యూరిటీ మానేసినప్పటి నుంచి అవి గేటు పక్క గదిలో కుప్ప పడుతున్నాయి. ఒకరివి ఒకరింటికి పోతున్నాయి, కొన్ని ఎవరింటికీ పోవడం లేదు. వాట్సాప్ గ్రూపులో రోజూ తగవు.

కొడుక్కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాడు.

"అవార్డు తీసుకున్న మనిషిని గేటు దగ్గర కూచోబెడతావా? నన్నేమనుకుంటారు?"

"స్టేషన్లో అన్నేళ్లు కూచున్నప్పుడు లేని నామోషీ ఇప్పుడెక్కడిది?" అంది కోడలు.

"అది ఉద్యోగం."

"ఇదీ ఉద్యోగమే. మీకు నామోషీ అయితే ఎవరి తల్లో మీరు చెప్పకండి."

కొడుకు గది తలుపు వైపు చూశాడు. "మరి దాన్నేం చెయ్యను?"

"నువ్వు ఆఫీసు ఫోన్లు మాట్లాడుకో," అంది తల్లి. "బయటికి వినబడదు కూడా."

అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ ఆడిటర్‌గా రిటైరైన మనిషి. ఎవరినీ అనుమానించడు, అందర్నీ పరీక్షిస్తాడు. ఆమెను నిలబెట్టి అనుభవం అడిగాడు. లగేజీ గది అని చెప్పింది. రాసే సంగతి కూడా చెప్పింది. "ఖాళీగా ఉన్నప్పుడు ఏదో గీసుకుంటారు, అంతే కదా," అన్నాడు. అంతేనంది. కొత్త సెక్యూరిటీ దొరికేదాకా అని ఒప్పుకున్నాడు.

గేటు గదిలో ఒక కుర్చీ, ఒక స్టూలు, చెక్క బల్ల, గోడకు అరలు. పక్కనే నీళ్ల మోటారు. బయట స్కూటర్లు ఆపే చోటు. ఆమె మొదటి రోజే పార్శిళ్లను అంతస్తుల వారీగా అరల్లో సర్దింది. సాయంత్రం వచ్చినవాళ్లను రెండు ప్రశ్నలు అడిగేది. ఏ ఫ్లాటు, ఏం తెప్పించారు.

రెండో అంతస్తు ఆయన ఇబ్బందిపడ్డాడు. "వ్యక్తిగతం పెద్దమ్మా."

"సరే. వ్యక్తిగతం ఎంత బరువుంటుంది?"

ఆయన చేత్తో చూపించాడు. ఆమె తీసి ఇచ్చింది.

వారం తిరిగేసరికి తగవులు ఆగాయి. అందరూ పెద్దమ్మ అనడం మొదలుపెట్టారు. ఈలోగా అధ్యాయం కదిలింది. నవలలోని ముసలామె తను అమ్మేసిన చేనికే కోతకు కూలికి పోతుంది. అంతే కథ. ఆమె ఒక వాక్యం రాసేది, గేటు చప్పుడయ్యేది, తలెత్తేది. పార్శిల్ తీసుకుని అరలో పెట్టి వచ్చి ఇంకొక వాక్యం రాసేది. ముసలామె చేనికి బయల్దేరింది. గట్టు దాటింది. కొత్త యజమాని ఆమెకు కొడవలి ఇచ్చాడు. ఆ కొడవలి ఆమె అమ్మిన సామానులోదే.

వారపత్రిక వచ్చింది. రెండు పేజీల ఫొటో. కిటికీ, గోధుమ చేను, మధ్యలో ఓ పక్కకు తిరిగిన ముఖం. 'ఈ నిశ్శబ్దంలోనే ఆ పల్లె ప్రాణం పోసుకుంటుంది' అని కింద రాశారు. కొడుకు దాన్ని గ్రూపులో పెట్టాడు. ఎవరి తల్లో చెప్పకుండా ఉండలేకపోయాడు గానీ, ఆవిడే గేటు దగ్గర ఉంటుందని రాయలేకపోయాడు. మర్నాడు మొదటి అంతస్తు ఆవిడ పార్శిల్ తీసుకుంటూ గొంతు తగ్గించింది.

"పెద్దమ్మా, పైన నాలుగులో ఒక రచయిత్రి ఉంటారట. ఎప్పుడైనా కిందికి దిగుతారా?"

"దిగుతుంది."

"మాట్లాడతారా మనలాంటివాళ్లతో?"

"పని లేనప్పుడు మాట్లాడుతుంది," అంది ఆమె. "కుక్కర్ గాస్కెట్ కదా మీది? ఇదిగో."

ఆ తర్వాత కొద్ది రోజులకే సెక్రటరీ వచ్చాడు. సాయంత్రం, అందరూ పార్శిళ్లకు దిగే వేళ. కోడలు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి స్కూటరు ఆపుతోంది. సెక్రటరీ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద, ఆమె కాగితాల పక్కన పెట్టాడు.

"ఇదేంటో చెప్పండి అమ్మగారూ."

"మీదే. పొద్దున వచ్చింది. పై అరలో పెట్టాను." ఆమె అర వైపు చూసింది. అర ఖాళీగా ఉంది.

"మధ్యాహ్నం నేనే తీసుకెళ్లాను. దొంగలాగా కాదు, మామూలుగా నడిచి వచ్చాను. మీ ఎదురుగా నిలబడ్డాను. దగ్గాను కూడా."

"దగ్గారా?"

"రెండుసార్లు. మీరు తలెత్తలేదు. నేను అర దగ్గరికెళ్లి, పెట్టె తీసుకుని, మళ్లీ మీ ముందు నుంచే వెళ్లాను." ఆయన చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. "కంచే చేను మేస్తే ఎలాగండీ?"

"కంచె ఏం మేసిందండీ?" అంది కోడలు హెల్మెట్ తీస్తూ. "మీ పెట్టె మీరే ఎత్తుకుపోయి మా అత్తయ్యను దొంగను చేస్తారా?"

"దొంగ అనలేదమ్మా. కాపలా లేదన్నాను."

మొదటి అంతస్తు ఆవిడ కోడలి వైపు, పెద్దమ్మ వైపు మార్చి మార్చి చూసింది. కోడలి ఫ్లాటు నాలుగులో అని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చేతిలోని సంచి కాస్త వెనక్కి పెట్టుకుంది.

ఆమె మాత్రం కాగితాలు తిరగేస్తోంది. మధ్యాహ్నం రాసిన పేజీ దొరికింది. పైనుంచి కింది దాకా చూసింది. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు.

'కంకి వంచి కోసింది, కోసిన కంకిని ఒడిలో వేసుకోబోయి ఇది తన చేను కాదని గుర్తొచ్చి గంపలో వేసింది, వేసి రెండో కంకికి చెయ్యి చాచేసరికి చెయ్యి మళ్లీ ఒడిలోకే వచ్చింది, సాలు చివరి దాకా ఆమె చేతికి చెబుతూనే ఉంది, చెయ్యి వింటున్నట్టే ఉండి వినలేదు…'

అలా పేజీ చివరిదాకా ఉంది. ముసలామె ఎక్కడా తప్పిపోలేదు. ఆమె రెండోసారి చదివింది. కాపలా కుర్చీలో కూచుని తలెత్తకపోవడం ఆమెకు ఇదే మొదటిసారి. మంచె మీదైతే ఒక మూల చేను పోయి ఉండేది. సిగ్గేసింది. ఆ పేజీ కొట్టెయ్యాలని మాత్రం అనిపించలేదు.

లేచి నిలబడింది. "సెక్రటరీ గారు చెప్పింది నిజం. కుర్చీ తీసుకోండి."

సెక్రటరీ దానికి సిద్ధపడి రాలేదు. "ఇవాళే అనలేదు నేను. ఒక హెచ్చరికలాగా…"

"తలెత్తని మనిషిని కాపలాకు ఉంచకూడదు. నేనైనా ఉంచను."

"మరి పుస్తకం?" అంది కోడలు.

"ఇంకో రెండు పేజీలు."

"పైకి రండి అత్తయ్యా, ఆయన్ని గదిలోంచి లేపేస్తాను. దగ్గినా వినబడకుండా రాశారు కదా మధ్యాహ్నం? పైనా వస్తుంది."

ఆమెకు పైన మేక ఏమైందో గుర్తొచ్చింది. "వద్దు. ఇవాళ ప్రయోగాలు వద్దు," అంది. స్టూలు లాక్కుని బల్లకు ఈ చివర వేసుకుంది. "సెక్రటరీ గారూ, కొత్తవాడు దొరికేదాకా ఎవరో ఒకరు ఉండాలి కదా. మీరు కూచోండి. చూస్తూ ఉండండి. నేను ఈ మూల రాసుకుంటాను."

"నేనా?"

"మీరైతే తలెత్తే ఉంటారు," అన్నాడు రెండో అంతస్తు ఆయన. ఎవరో నవ్వారు. సెక్రటరీ అందరి ముఖాలూ చూసి కుర్చీలో కూచున్నాడు.

జనం పార్శిళ్లు తీసుకుని పోయారు. కోడలు పైకెళ్లింది. ఇంకా ఆఫీసుల నుంచి రావాల్సినవాళ్లు ఉన్నారు. సెక్రటరీ కాసేపు గేటు వైపు చూశాడు. కాసేపు అరల వైపు చూశాడు. నీళ్ల మోటారు ఆగింది. ఆమె రాసి పక్కన పెట్టిన కాగితాలు ఆయన మోచేతి దగ్గరే ఉన్నాయి. లెక్క చూసే అలవాటు కొద్దీ పై కాగితం తిప్పి చూశాడు. దాని కింది కాగితం తీశాడు. అధ్యాయం మొదలెక్కడో వెతికి తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు.

మూడో అంతస్తు కుర్రజంటలో భర్త వచ్చాడు. "సెక్రటరీ గారూ, నా పార్శిల్."

"తీసుకెళ్లండి," అన్నాడు సెక్రటరీ, కాగితం మీంచి చూపు తిప్పకుండా.

అతను అరలోంచి ఒక పెట్టె తీసుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"అది మీది కాదు బాబూ," అంది ఆమె. పెన్ను ఆగలేదు. "అది ఐదులో వాళ్లది. మీది కింది అరలో ఉంది."

అతను మార్చుకుని వెళ్లాడు. సెక్రటరీకి ఏదీ వినబడలేదు. ఇంకో కాగితం తిప్పాడు. అది చివరి కాగితం. దాని కింద ఇంకేమైనా ఉందేమోనని బల్ల మీద వెతికాడు.

"అమ్మగారూ," అన్నాడు. "ఈవిడకు కూలి ఇచ్చారా లేదా?"

"అదే రాస్తున్నాను," అంది. "కాసేపు దగ్గకండి."